ముహూర్తాలు లేని రోజుల మోత

ప్రతి ఉగాదికీ పంచాంగం కొనగానే నేను మొట్టమొదట చూసేది రాశిఫలాలు కాదు, ముహూర్తాలు లేని రోజులు. ఈ ఏడు మూఢం ఎప్పుడు మొదలవుతుంది, వైశాఖంలో ఖాళీ రోజులు ఎన్ని ఉన్నాయి అని వేలు పెట్టి మరీ వెతుక్కుంటాను. మొన్న కూడా అదే పనిలో ఉంటే మా ఆవిడ చూసి, "మనింట్లో పెళ్ళి కావలసిన వాళ్ళెవరూ లేరు. ఉన్నా, పెళ్ళిళ్ళు కాని రోజులతో మీకేం పని?" అంది. దానికి సరైన జవాబు చెప్పాలంటే కంచరపాలెంలో ఒక రేకుల షెడ్డు దగ్గర మొదలుపెట్టి సింహాచలం కొండ మీద ఆపాలి. ఆవిడకి అంత తీరిక లేదు. నాకు తీరిక తప్ప ఇంకేమీ లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

మా నాన్నగారు అమలాపురం దగ్గర పల్లెటూరి నించి రేవులో గుమాస్తా ఉద్యోగానికి వచ్చి కంచరపాలెంలో కాపురం పెట్టారు. మా అమ్మకి విశాఖపట్నంలో నచ్చనివి రెండే రెండు. కొబ్బరికాయ కొనుక్కోవలసి రావడం ఒకటి, దుమ్ము రెండోది. ఓడలకి ఎక్కించే ఇనుప రాయి తాలూకు ఎర్రదుమ్ము గాలి ఇటు తిరిగినప్పుడల్లా మా వీధిలోకి వచ్చేసేది. నాన్నగారు పొద్దున్న తెల్లచొక్కాతో వెళ్ళి సాయంత్రం లేత గులాబీరంగు చొక్కాతో తిరిగొచ్చేవారు. అమ్మ ఆవకాయ జాడీకి ఒకటి కాదు, రెండు వాసెన గుడ్డలు కట్టేది. సందెవేళ దుప్పట్లు దులిపేది, దీపం పెట్టి మళ్ళీ దులిపేది. పొద్దున్నే జాలరిపేట నించి "సేపలమ్మా సేపలు" అంటూ వచ్చే ఆవిడ గంప మీద తడిగుడ్డ కూడా మా వీధి మలుపు తిరిగేసరికి ఎర్రబడేది. కిరసనాయిలు వాసన, కానాగంత చేపల పులుసు వాసన, ఉప్పుగాలి, వీటన్నిటి మీదా సన్నగా ఆ ఇనుప వాసన. ఎక్కడైనా పాత గేటు చువ్వ పట్టుకుని చెయ్యి వాసన చూసుకుంటే నాకు మా ఇల్లే గుర్తొస్తుంది.

అలాంటి వీధిలో మేం ముగ్గురం రాక్ బ్యాండు పెట్టాం. దాని పేరు 'ది యాంకర్స్'. విక్టర్ పాడేవాడు, గిటారు వాయించేవాడు. వాళ్ళ నాన్న చర్చిలో పాటల బృందానికి పెద్ద కాబట్టి వాడికి తొట్టిలో ఉన్నప్పటి నించీ శ్రుతి తెలుసు. నేను బేస్ గిటారు. అది ఒక విదేశీ ఓడవాడు రెండు బుట్టల మామిడిపళ్ళకి మా నాన్నగారి స్నేహితుడికి ఇచ్చేసిన గిటారు. దానికి నాలుగే తీగలుంటే రెండు తెగిపోయాయి కాబోలు, అందుకే అంత తేలిగ్గా ఇచ్చేశాడనుకున్నాం. మిగతా రెండు తీగల కోసం నేను మూడు నెలలు ఊరంతా తిరిగాను. చివరికి విక్టర్ ఎక్కడో పత్రికలో బొమ్మ చూసి, "ఒరేయ్ సూర్యం, దానికి ఉండేవే నాలుగురా" అని చెప్పాడు.

డ్రమ్స్ అప్పలరాజువి. అంటే నిజానికి వాళ్ళ మావయ్యవి. ఆయనకి పెళ్ళి బ్యాండు మేళం ఉండేది. మా పెద్ద డ్రమ్ము చర్మం మీద 'శ్రీ నూకాంబికా బ్యాండు మేళం, పెళ్ళిళ్ళకు, ఊరేగింపులకు' అని గుండ్రంగా రాసి ఉండేది. దాని మధ్య ఖాళీలో విక్టర్ చిన్న లంగరు బొమ్మ వేశాడు. మావయ్య పెట్టిన షరతు ఒక్కటే. ముహూర్తం ఉన్న రోజు డ్రమ్స్ పెళ్ళికి వెళతాయి, లేని రోజు మీ ఇష్టం. అందుచేత ప్రపంచంలో పంచాంగం చూసి సాధన చేసిన రాక్ బ్యాండు మాదొక్కటే అయి ఉంటుంది. మంగళవారాలు మావి. అష్టమి, నవమి, అమావాస్య మావి. ఆషాఢం వస్తే నెలంతా పండగే. మూఢం వచ్చిందంటే విక్టర్ కొత్త పాట మొదలుపెట్టేవాడు. బైబిలు చదివే ఇంట్లో పుట్టినవాడు వర్జ్యం ఎన్ని గంటలకో నన్ను అడుగుతూ ఉండేవాడు.

సాధన చేసేది మధ్యాహ్నం మూడింటి నించి ఆరింటి దాకా, మేళం సామాను పెట్టుకునే రేకుల షెడ్డులో. ఎర్రకోట్లు, జరీటోపీలు గోడకి వేలాడుతుంటే వాటి కింద కూర్చునేవాళ్ళం. నా గిటారు మోత వినబడాలంటే పెద్ద స్పీకరు కావాలి. మైకుసెట్టు షాపులో దొరికిన పాత స్పీకరుని అప్పలరాజు ఒక ఖాళీ నూనె పీపా మూతికి బోల్టులు పెట్టి బిగించాడు. దాంతో మోత వచ్చింది. ఎంత వచ్చిందంటే, నేను తీగ మీటితే పాట కంటే ముందు గోడ మీది టోపీలు ఊగేవి.

ఆ షెడ్డుకి ఆనుకునే సైన్సు మాస్టారి మేడ. షెడ్డు మెరక మీద ఉంది కాబట్టి దాని రేకుల వాలు సరిగ్గా మాస్టారి పిట్టగోడ మీదికి దిగేది. మాస్టారి పేరు నరసింహమూర్తి గారు. కాలేజీ లాబులో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేసి రిటైరయ్యారు. నేనూ ఆయన దగ్గర లోలకాలు ఊపినవాణ్ణే. పేరు సింహాచలం దేవుడిదే అయినా ఆయనకి దేవుడి మీద గానీ, తిథుల మీద గానీ నమ్మకం లేదు. నమ్మకం ఉన్నది ఒక్క కొలత మీదే. తెల్లటి జుట్టు నాలుగు వైపులా లేచి ఉండేది. నూనె రాస్తే దుమ్ము పట్టుకుంటుందని రాసేవారు కాదు, దువ్వితే రాపిడికి విద్యుత్తు పుడుతుందని దువ్వేవారు కాదు. ఆ జుట్టంటే మాత్రం ఆయనకి ప్రాణం. వీధిలో అందరూ ఆయన్ని పిచ్చి మాస్టారనేవారు. ఆ మాటలో కోపం ఉండేది కాదు.

ఆయన భార్య కామేశ్వరమ్మ గారు. వేసవిలో ఆవిడ మేడ మీద పాత పంచెలు పరిచి గుమ్మడి వడియాలు పెడితే, వాటి మీద దుమ్ము పడి పళ్ళ కింద కరకరలాడేవి. ఆవిడ ఒకసారి విసుక్కుంటే మాస్టారు దుమ్ము పట్టే యంత్రం చేస్తానని మాటిచ్చారు. మొదట ఆవిడ పట్టుచీర ముక్క గొడుగుకి కట్టి, దాన్ని గాజుకడ్డీతో రుద్దుతూ మేడ మీద పచార్లు చేశారు. తర్వాత తడిపిన గోనెసంచి వెనక టేబుల్ ఫ్యాను పెట్టారు. వీధిలో దుమ్మంతా వచ్చి గోనెకి అంటుకోవలసింది పోయి, గోనెలో నీళ్ళన్నీ వెళ్ళి ఎదురింటి గుమ్మంలో నిలబడ్డ పోస్టుమాన్ మీద పడ్డాయి. ఇలా కాదని, ముందు దుమ్ము ఏ రోజు ఎంత పడుతుందో కొలవాలని నిర్ణయించారు. రోజూ పొద్దున్న మేడ మీద ఒక తెల్ల పంచె పరిచేవారు. మధ్యాహ్నం మూడింటికి ఊళ్ళో ట్యుటోరియల్ కాలేజీకి పాఠం చెప్పడానికి వెళ్ళి ఆరింటికి తిరిగొచ్చి, పంచె దులిపి, ఆ దుమ్ముని కంసాలి త్రాసులో తూచి నోటుబుక్కులో రాసేవారు.

రెండు మూడు వారాలకి ఆయన మొహం మాడిపోయింది. కొన్ని రోజులు చిటికెడు, కొన్ని రోజులు గుప్పెడు. గాలి దిక్కుతో పోల్చి చూశారు, కుదరలేదు. మా ఇంటికొచ్చి నాన్నగారిని ఏ రోజు ఏ ఓడకి సరుకెక్కించారో అడిగి చూశారు, అదీ కుదరలేదు. ఒకరోజు కామేశ్వరమ్మ గారు కాఫీ ఇస్తూ ఆ నోటుబుక్కు కేసి చూసి, "మంగళవారం, అష్టమి, నవమి, మళ్ళీ మంగళవారం. చెడ్డరోజుల్లో దుమ్ము ఎక్కువ పడుతోంది. ఇందులో తెలియకపోవడానికేముందీ?" అన్నారట. మాస్టారు నవ్వబోయి, పంచాంగం తెప్పించి పోల్చి చూసి నవ్వు మానేశారు. అక్షరం పొల్లుపోలేదు.

ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో పంచాంగం మీద యుద్ధం. ఇప్పుడు ఆయన కొలతే ఆయన మీద సాక్ష్యం చెప్పింది. వీధి అరుగుల మీద అందరి ముందూ పందెం వేశారు. వచ్చే అమావాస్య దాకా చూడాలి. చెడ్డరోజుల్లోనే దుమ్ము ఎక్కువ పడితే మాస్టారు భార్యతో కలిసి సింహాచలం మెట్లెక్కి తలనీలాలివ్వాలి. ఒక్క మంచిరోజున దుమ్ము ఎక్కువ పడినా కామేశ్వరమ్మ గారు పంచాంగాన్ని పొయ్యిలో పెట్టాలి. మా వీధి ఆడవాళ్ళకి ఆ నెలంతా మరో కబురు లేదు. మా అమ్మ సాయంత్రం కాగానే పెరటి గోడ దగ్గరికి వెళ్ళి "ఈవేళ ఎంతట?" అని అడిగి వచ్చేది.

ఈ కథలో మా బ్యాండుకి సంబంధం ఉందని మాకు తెలీదు. మాకు తెలిసిందల్లా కామేశ్వరమ్మ గారికి మా సంగీతం నచ్చిందని. పీపా పెట్టిన మొదటిరోజే ఆవిడ షెడ్డు గుమ్మంలోకి వచ్చారు. తిట్టడానికే వచ్చారనుకుని విక్టర్ గిటారు కిందపెట్టేశాడు. ఆవిడ పీపా కేసి, పైన రేకుల కేసి చాలాసేపు చూసి, "అది మోగితే మీ రేకుల మీది దుమ్మంతా మా మేడ మీదికి దిగుతోంది నాయనా. ఫరవాలేదులే, వాయించుకోండి. నేను వడియాలు లోపల పెట్టుకుంటాను" అన్నారు. అంతటితో అయిపోయింది. కానీ పందెం పడిన మర్నాటి నించీ సాధన రోజున జంతికలు వచ్చేవి, ఒక్కోరోజు చలిమిడి వచ్చేది. "ఎల్లుండి నవమి, వస్తున్నారుగా?" అని ముందే కనుక్కునేవారు. ఒకసారి దశమినాడు డ్రమ్స్ పెళ్ళికి వెళితే, ఊరికే కూర్చోవడం ఎందుకని నేనూ విక్టరూ పీపా ఒక్కటీ మోగించబోయాం. ఆవిడ తడిచేతులతో పరిగెత్తుకొచ్చారు. "వద్దు వద్దు! ఇవాళ దివ్యమైన రోజు. దాన్ని ముట్టకండి నాయనా, మీకు పుణ్యముంటుంది!" అన్నారు. పెద్దావిడ, భక్తి అనుకున్నాం. మెచ్చుకునేవాళ్ళు దొరికితే ఎందుకు మెచ్చుకుంటున్నారని ఎవరైనా ఆలోచిస్తారా?

అమావాస్యకి వారం రోజులుందనగా, మంగళవారమూ అష్టమీ కలిసొచ్చిన రోజున, ట్యుటోరియల్‌కి కుర్రాళ్ళెవరూ రాలేదు. కొత్త సినిమా విడుదలట. మాస్టారు నాలుగింటికే ఇంటికి వచ్చేసి తిన్నగా మేడెక్కారు. ఆ సంగతి మాకేం తెలుసు? మేం మంచి ఊపులో ఉన్నాం. విక్టర్ కళ్ళు మూసుకుని కేక లాంటిది పాడుతున్నాడు. ఇంతలో రేకుకీ గోడకీ మధ్య ఖాళీలోంచి ఒక తల తలకిందులుగా లోపలికి వచ్చింది. తెల్లజుట్టు కిందికి వేలాడుతోంది.

"యేసయ్యా!" అని విక్టర్ గోడ మీది ఎర్రకోట్లలోకి దూరాడు.

"ఆపకండి!" అంది ఆ తల. "అది! ఆ కిందది! మళ్ళీ!"

"ఏటి మేష్టారూ, అక్కడేటి సేత్తన్నారు? పడిపోతారు!" అని అప్పలరాజు లేచాడు.

"నేను పడితే పడతాను, ముందు దుమ్ము పడనీ! ఆ పీపా మోగించండి!"

నేను మీటాను. తల మాయమైంది. పైన రేకు మీద పాకుతున్న చప్పుడు. కాసేపటికి ఆయన కిందికి దిగి వచ్చారు. మోకాళ్ళు, మోచేతులు, గడ్డం ఎర్రగా ఉన్నాయి, చేతిలో పంచె. నా దగ్గర కూర్చుని గిటారు మీద ఒక్కొక్క మెట్టూ నొక్కించి ఒక్కొక్క స్వరమూ మీటించారు. మీటగానే పరిగెత్తి బయట చూసి వచ్చేవారు. లావు తీగ మూడో మెట్టు దగ్గర రేకులన్నీ ఒక్కసారి గజగజలాడాయి. ఆయన నా వేలు అక్కడే పట్టుకుని, "ఇదే. కదపకు" అన్నారు. అరగంట సేపు నేను ఆ ఒక్క స్వరమే వాయించాను.

విక్టర్ కోట్లలోంచి బయటికొచ్చి, ప్రాణం ఉగ్గబట్టుకుని, "పాట మొత్తం వినరా సార్?" అని అడిగాడు.

"పాట ఎందుకయ్యా? పాటలో ఈ ముక్క తప్ప మిగతాదంతా వృథా."

అప్పలరాజు కర్రలు ఒళ్ళో పెట్టుకుని, విక్టర్‌తో "నన్ను ఒద్దన్నాడు, నిన్ను ఒద్దన్నాడు. ఇంక సూర్యం బావ ఒక్కడే బేండు. మనం ఇంటికెళ్ళి తొంగుందాం పద" అన్నాడు. నేను మాత్రం చెప్పొద్దూ, ఉబ్బిపోయాను. బేస్ వాయించేవాడి కేసి ఎవరూ చూడరు. నా జీవితంలో మొదటిసారి ఒక మనిషి నా తీగ మోత కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాడు.

ఇంతకీ సంగతి తేలింది. పీపా మోగినప్పుడు రేకులు వణికి, వాటి గాడుల్లో పేరుకున్న దుమ్ము జారి పంచె మీద పడుతోంది. ముహూర్తం లేని రోజున డ్రమ్స్ షెడ్డులో ఉంటాయి, డ్రమ్స్ ఉంటే మేం ఉంటాం, మేం ఉంటే దుమ్ము. మాస్టారు అప్పలరాజు రెండు భుజాలూ పట్టుకుని గెంతారు. "తిథి కాదురా! నక్షత్రం కాదురా! రేకు! ఒట్టి రేకురా!" ఆ ఆనందం చూసి మేమూ గెంతాం. ఆయన జుట్టు దక్కింది, ముప్ఫై ఏళ్ళ మాట దక్కింది.

"ఇప్పుడే వెళ్ళి మా ఆవిడకి చెబుతాను" అని గుమ్మం దాకా వెళ్ళారు.

"అమ్మగోరికి తెల్సు కదండీ" అన్నాడు అప్పలరాజు.

"ఏం తెలుసు?"

"పీపా మోగితే మీ మేడ మీద దుమ్ము పడతాదని. మొదటి రోజే వచ్చి సెప్పేరు కదేటి. నాను ఇన్నాను, ఈలూ ఇన్నారు. అష్టమికి రండి, నవమికి రండి అని జంతికలు కూడా ఎట్టేరు."

ఆ మాట వాడి నోట్లోంచి వచ్చాక గానీ మా ముగ్గురికీ కూడా వెలగలేదు. మాస్టారు వెనక్కి వచ్చి పెద్ద డ్రమ్ము పక్కన నేల మీద కూర్చున్నారు. "మంగళవారాలు వడియాలు పెట్టదు" అన్నారు తనలో తను. "అది కూడా పంచాంగమే అనుకున్నాను." వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. తర్వాత కడుపు పట్టుకుని నవ్వారు. "నెల రోజులు నా కొలతల్ని నా కళ్ళముందే తిప్పింది. ఒక్క రోజు తప్పలేదు చూడు! ఎంత శాస్త్రీయంగా చేసిందిరా! నా దగ్గర పనిచేసిన వాళ్ళలో ఇంత నికార్సుగా ప్రయోగం చేసిన మనిషి లేదు."

నవ్వు ఆగాక నా కేసి చూశారు. "పెళ్ళైన ఏడాది అడిగింది సూర్యం, కలిసి కొండకి వెళదామని. నవ్వాను. తర్వాత ఒకటి రెండుసార్లు అడిగింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళతో వెళ్ళి రావడం అలవాటు చేసుకుంది. అడగడం మానేసింది కదా, ఇంక అక్కర్లేదేమో అనుకున్నాను." పంచె మడత పెట్టుకుని లేచారు. "ఇవాళ నేను ఆరింటికే వచ్చాను. తెలిసిందా? నేనిక్కడికి రానేలేదు. ఆఖరి రోజు అమావాస్య. ఆ రోజు కొంచెం గట్టిగా వాయించండి."

అమావాస్య నాడు మేం వాయించినట్టు మళ్ళీ ఎన్నడూ వాయించలేదు. ఎర్రకోట్లన్నీ మేకులతో సహా ఊడిపడ్డాయి. సాయంత్రం మాస్టారు అలిసిపోయినట్టు నడుచుకుంటూ వచ్చి, అందరి ముందూ పంచె దులిపి తూచి, త్రాసు కేసి చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఆయనకి నటన బొత్తిగా రాదు. "ఓడిపోయాను కామేశ్వరీ" అన్నారు. వీధిలో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. కామేశ్వరమ్మ గారు ఒక్కరే కొట్టలేదు. ఆయన జుట్టు కేసి చూస్తూ ఉండిపోయారు.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు, మేడ లేదు. అక్కడ నాలుగంతస్తుల అపార్టుమెంటు ఉంది. ఊళ్ళో కూడలి దగ్గర గాలిలో దుమ్ము ఎంతుందో ఎర్ర అంకెల్లో చూపించే బోర్డొకటి పెట్టారు. నేను తప్ప దానికేసి తలెత్తి చూసేవాళ్ళు కనబడలేదు. ఆ రోజుల్లో మాస్టారి పంచె కోసం వీధి వీధంతా సాయంత్రాలు ఎదురుచూసింది. పెళ్ళిళ్ళలో ఇప్పుడు మేళాలు పోయి, మా పీపాకి పది రెట్లు మోగే పెట్టెలు వచ్చాయి. కిటికీ అద్దాలు అదురుతుంటే మా ఆవిడ తలుపులు వేసుకుంటుంది, నేను వరండాలోకి వెళ్ళి నిలబడతాను. అప్పలరాజు ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఫోనెత్తగానే "ఏటి బావా" అంటాడు. విక్టర్ వాళ్ళ నాన్న స్థానంలో చర్చి పాటల బృందాన్ని నడిపిస్తున్నాడు. 'ది యాంకర్స్' ఏ వేదికా ఎక్కలేదు. మాకున్న శ్రోతలు ఇద్దరు. ఒకరు దుమ్ము కోసం విన్నారు, ఒకరు కొండ కోసం విన్నారు. మంచి పాటలు, మంచి కచేరీలు తర్వాత చాలా విన్నాను. మా పీపా మోత ఆ ఇద్దరికీ కావలసి వచ్చినంతగా ఏ కచేరీ అయినా ఎవరికైనా కావలసి వచ్చిందంటే నేను నమ్మను. ఆ నెలని తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా ఒళ్ళంతా సంతోషంగా ఉంటుంది.

అమావాస్య తర్వాత వచ్చిన ఆదివారం పొద్దున్నే కొండకి బయల్దేరాం. పందెం సాక్షులుగా మా ముగ్గుర్నీ రమ్మన్నారు. విక్టర్ వాళ్ళ నాన్నని అడిగితే, "కొండెక్కితే కాళ్ళకి మంచిదే, వెళ్ళు" అన్నాడట. బయల్దేరే ముందు కామేశ్వరమ్మ గారు నన్ను పెరట్లోకి పిలిచి, "నాయనా, నేను పెద్ద తప్పు చేశాను. ఆయన నాతో కొండెక్కితే చాలు, ఆ జుట్టు పోతే నేను చూడలేను. దారిలో నిజం చెప్పేస్తాను. మీరు అవునని సాక్ష్యం చెప్పాలి" అన్నారు. సరేనని వీధిలోకి వస్తే మాస్టారు నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, "దారిలో ఆవిడ ఏదో చెప్పబోతుంది. చెప్పనివ్వకండి. చెబితే, గెలిచినవాడు కొండెందుకు ఎక్కాలని నన్ను వెనక్కి తిప్పేస్తుంది" అన్నారు. దానికీ సరేనన్నాను.

మెట్లు మొదలైన దగ్గర్నించీ అదే గొడవ. ఆవిడ నాలుగు మెట్లెక్కి, ఊపిరి తీసుకుని, "ఏమండీ, ఒక మాట" అనేవారు. వెంటనే మాస్టారు వంగి మెట్టు తట్టి, "ఇది చూశావా కామేశ్వరీ, ఇది మామూలు రాయి కాదు, ఖోండలైటు" అని మొదలుపెట్టేవారు. ఆ రాయి పుట్టుక అయ్యేసరికి ముప్ఫై మెట్లు గడిచేవి. ఆవిడ మళ్ళీ, "అది కాదండీ, ఆ దుమ్ము సంగతి" అనేవారు. ఈసారి నేను దగ్గేవాణ్ణి, విక్టర్ పాట అందుకునేవాడు. సంపెంగ పూలమ్మే ఆవిడ దగ్గర ఆగినప్పుడు కామేశ్వరమ్మ గారు నా కేసి కళ్ళురిమి చూశారు. "నువ్వైనా చెప్పవేం?" అని ఆ చూపుకి అర్థం.

"ఏం సెప్పమంటావు బావా, ఆయన సెప్పొద్దంతన్నాడు, ఆవిడ సెప్పమంతన్నాది. నా బుర్ర తిరిగిపోతంది" అని అప్పలరాజు నా చెవిలో గొణిగాడు.

పైకి చేరేసరికి ఎండెక్కింది. తలనీలాలు తీసే చోట జనం బారులు తీరి ఉన్నారు. మాస్టారు చొక్కా విప్పి నా చేతికిచ్చి వెళ్ళి పీట మీద కూర్చున్నారు. క్షురకుడు చెంబుతో నీళ్ళు పోసి, ఆ జుట్టు చూసి, "ఇదెప్పుడైనా తడిసిందా బాబూ?" అన్నాడు. కత్తి తలకి ఆనింది. నడినెత్తి నించి మొదటి గీత పడి, తెల్లజుట్టు ఒక కుచ్చు ఆయన ఒళ్ళోకి జారింది. ఇంక కామేశ్వరమ్మ గారు ఆగలేకపోయారు. వరసలో ఉన్నవాళ్ళని తోసుకుని వచ్చి వెనక నిలబడ్డారు.

"ఆపించండి! మీరు ఓడిపోలేదు. అది పంచాంగం కాదు, వీళ్ళ పీపా. నాకు ముందే తెలుసు. మిమ్మల్ని కొండకి తేవాలని దాచాను."

మాస్టారు ఆశ్చర్యపోయినట్టు నటించడానికి కూడా ప్రయత్నించలేదు. ఆవిడ ఆయన వంక చూశారు, మా వంక చూశారు. విక్టర్ తలొంచుకున్నాడు. అప్పలరాజు ఆకాశంలోకి చూస్తున్నాడు. ఆవిడ మళ్ళీ ఆయన వైపు తిరిగారు.

"తెలిసే వచ్చారా?"

మాస్టారు తల తిప్పబోయారు. క్షురకుడు ఆ తల గట్టిగా కిందికి వంచి పట్టుకుని, "కదలకండి బాబూ, తెగిపోద్ది. మాటాడకండి" అన్నాడు.

ఆయన తల వంచుకునే, కుడిచెయ్యి వెనక్కి చాపారు. వాళ్ళిద్దరూ నలుగురిలో పక్కపక్కన నడవడం కూడా నేను అంతకుముందు చూడలేదు. కామేశ్వరమ్మ గారు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, అంతమంది జనం ముందూ ఆ చెయ్యి పట్టుకున్నారు. గుండు పూర్తయ్యేదాకా వదల్లేదు.